ఒక అర్జీ రాసిపెడదాం

(పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా జల్‌పల్లిలో జరిగిన సభలో మన సంఘ సభ్యులొకరు చేసిన ప్రసంగ పాఠం)

 

"జీవితాన్ని సరైన కొలతతో చూడటం, మనకంటే తక్కువ ఉన్నవారికి చేయూతనివ్వడం" అనే విషయం మీద మాట్లాడమని కార్యదర్శిగారు నన్ను ఆదేశించారు. నేను పండితుణ్ణి కాను, గుమాస్తాను. ఆఫీసులో ఫైలు పైకి పంపేటప్పుడు నోటు చివర "ఉత్తర్వుల కొరకు సమర్పించడమైనది" అని రాసేవాళ్ళం. ఇవాళ కూడా అదే పద్ధతి. విషయం నేను సమర్పిస్తాను, ఉత్తర్వులు మీరు వేయండి.

డిసెంబరు 17 మనకు పండుగ ఎందుకయిందో పెద్దలందరికీ తెలిసిందే. పిల్లల కోసం మళ్ళీ చెబుతాను. 1979లో కేంద్ర ప్రభుత్వం పెన్షను లెక్కకట్టే పద్ధతిని కొంత ఉదారంగా మార్చింది. అయితే ఆ సంవత్సరం మార్చి 31న గాని, ఆ తర్వాత గాని రిటైరైన వారికే వర్తిస్తుందని ఒక గీత గీసింది. ఒక్కరోజు ముందు దిగిపోయినవాడికి పాత లెక్కే. 1972లో రక్షణ మంత్రిత్వ శాఖ నుంచి రిటైరైన డి.ఎస్. నకారాగారు, ఆయనతోపాటు ఒక మాజీ సైనికోద్యోగి, "కామన్ కాజ్" అనే సంస్థ కలిసి సుప్రీంకోర్టు మెట్లెక్కారు. ఆ సంస్థను 1980లో స్థాపించిన హెచ్.డి. శౌరీగారు కూడా సర్వీసు చేసి దిగిపోయిన అధికారే. ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 1982 డిసెంబరు 17న తీర్పు చెప్పింది. ఆ ఐదుగురిలో మన తెలుగువారు జస్టిస్ ఓ. చిన్నపరెడ్డిగారు ఒకరు. పెన్షను ఎవరో దయతలచి ఇచ్చేది కాదు, చేసిన సేవకు దక్కిన హక్కు అని, ముందు రిటైరైనవారిని ఒకలాగా, వెనుక రిటైరైనవారిని ఇంకొకలాగా చూడరాదని తేల్చింది.

ఇంతవరకు ప్రతి సంవత్సరం చెప్పుకుంటున్నదే. నేను ఈ సంగతిలో ఇంకొకటి గమనించాను. ఆ తీర్పు వల్ల మేలు పొందినవారిలో ఎక్కువమంది కోర్టు ముఖం చూసి ఉండరు. మారుమూల పల్లెల్లో ఉన్న మాజీ సిపాయీలు, చేతులు వణికే ముసలి బంట్రోతులు కూడా వారిలో ఉండి ఉంటారు. వాళ్ళకు పిటిషను రాయడం రాదు. రాయడం వచ్చినవాళ్ళు ముగ్గురు, రాయడం రాని అందరి తరఫునా రాశారు. మన పండుగ అలా పుట్టింది. మరి మనకోసం ఒకరు రాసిపెట్టారు గదా, మనం ఎవరికోసం రాసిపెడుతున్నాం? నేను ఈ సభలో అడగదలచుకున్న ప్రశ్న అదొక్కటే.

ముందు కొలత సంగతి చెబుతాను. సర్వీసులో ఉన్నన్నాళ్ళూ మన కొలత అంతా పైకే. నా జూనియరుకు నాకన్నా ఎక్కువ బేసిక్ ఎలా వచ్చింది? పక్క డిపార్టుమెంటు వాళ్ళకు ఇచ్చిన స్కేలు మనకెందుకు ఇవ్వలేదు? దీనికి మనం పెట్టుకున్న పేరు అనామలీ. ప్రతి పి.ఆర్.సి. తర్వాత అనామలీల మీద ఎన్ని దస్తాల కాగితం ఖర్చయిందో మనకే తెలుసు. అది తప్పు అని నేననను. రావలసిన డీఏ అడగాలి, రీయింబర్సుమెంటు బిల్లు ఆగితే వెంటపడాలి, సంఘం ఉన్నదే అందుకు. కాని డెబ్బై దాటిన తర్వాత కూడా పైకి మాత్రమే చూస్తూ కూర్చుంటే మెడనొప్పి తప్ప మిగిలేది ఉండదు. ఒక్కసారి కిందికి కూడా చూద్దాం. అక్కడ కనిపించే అనామలీ ఏ పి.ఆర్.సి. తీర్చేది కాదు.

మనం ముప్పై ఏళ్ళు కూర్చున్న ఆఫీసు భవనం కట్టిన మేస్త్రీకి పెన్షను లేదు. ఆ గోడలకు సున్నం వేసినవాడికి లేదు. మనకు రోజూ రెండుపూటలా చాయ్ తెచ్చిన పిల్లవాడు ఇప్పుడు ముసలివాడై ఉంటాడు, అతనికీ లేదు. మన దేశంలో పనిచేసే పదిమందిలో దాదాపు తొమ్మిదిమంది ఇలాంటివారే. అంతదూరం ఎందుకు, మన ఇళ్ళల్లోనే చూడండి. 2004 సెప్టెంబరు 1 తర్వాత రాష్ట్ర ప్రభుత్వ సర్వీసులో చేరినవారిని కాంట్రిబ్యూటరీ పెన్షనులో పెట్టారు. అంటే తండ్రికి ఉన్న పాత పెన్షను భరోసా, అదే ప్రభుత్వంలో ఉద్యోగం చేస్తున్న కొడుక్కి లేకుండా పోయింది. ఈ మాట తలచుకుంటే మనం ఎక్కడ నిలబడి ఉన్నామో తెలుస్తుంది.

ఇంకొక లెక్క చెబుతాను. 2021లో వచ్చిన పి.ఆర్.సి.తో మన రాష్ట్రంలో అదనపు పెన్షను మొదలయ్యే వయసును 75 నుంచి 70కి దించారు. మనకు వయసు మీదపడితే పెన్షను పెరుగుతుంది. కూలివాడికి వయసు మీదపడితే కూలి తగ్గుతుంది. చివరికి పనికే పిలవరు. ఇద్దరిదీ ఒకటే ముసలితనం, ఒకటే మోకాళ్ళ నొప్పి.

అలాంటివారికి సర్కారు ఏమీ ఇవ్వడం లేదా అంటే, ఇస్తున్నది. 1995 ఆగస్టు 15న కేంద్రం జాతీయ సామాజిక సహాయ పథకం మొదలుపెట్టినప్పుడు వృద్ధులకు తన వంతుగా ఇచ్చింది నెలకు 75 రూపాయలు. తర్వాత దాన్ని 200 చేశారు. 2011 నుంచి 80 ఏళ్ళు నిండినవారికి 500. తెలంగాణ వచ్చాక 2014 నవంబరులో ఆసరా పేరుతో వృద్ధులకు, వితంతువులకు వెయ్యి రూపాయలు చేశారు, 2019లో 2,016 చేశారు. మనలో కొందరి నెల మందుల బిల్లు అంతకన్నా ఎక్కువ ఉంటుంది. కాని ఆ డబ్బు రావలసిన ముసలమ్మకు అదే బియ్యం, అదే మందు, అదే కోడలి ముందు తల ఎత్తుకునే ధైర్యం. అటువంటి డబ్బు అర్హత ఉండి కూడా కొందరికి రావడం లేదు. ఎందుకు రావడం లేదో మన జల్‌పల్లి సంగతులతోనే చెబుతాను.

ఒకవైపు పహాడీ షరీఫ్ గుట్ట, ఒకవైపు చెరువు, మధ్యలో మనం. 2016లో మునిసిపాలిటీ అయిందాకా ఇది పంచాయతీ ఊరే. పాతబస్తీలో కిరాయిలు కట్టలేనివాళ్ళు షాహీన్‌నగర్, ఉస్మాన్‌నగర్, ఎర్రకుంట వైపు వచ్చి అరవై గజాలు, ఎనభై గజాలు కొనుక్కుని రేకులు వేసుకున్నారు. మగవాళ్ళు ఆటో నడుపుతారు, సెంట్రింగు పనికి పోతారు, తుక్కు గోదాముల్లో ప్లాస్టిక్ ఏరుతారు. ఆడవాళ్ళు ఇంట్లో కూర్చుని మగ్గం పని చేస్తారు, అగరుబత్తీలు చుడతారు. కష్టానికి వెనుతీసేవాళ్ళు కారు. వాళ్ళు భయపడేది కాగితానికి.

2020 అక్టోబరు వానలు మీకు గుర్తే. ఉస్మాన్‌నగర్‌లో చెరువు నీళ్ళు ఇళ్ళల్లోకి వచ్చి నెలల తరబడి తియ్యలేదు. నీళ్ళల్లో బట్టలు, బియ్యం పోయాయని అందరం బాధపడ్డాం. గుమాస్తాను కనుక నాకు ఇంకొకటి కూడా కనిపించింది. రేషను కార్డు, పట్టా కాగితం, పిల్లల సర్టిఫికెట్లు, భర్త చనిపోయిన సర్టిఫికెట్టు అన్నీ ఒకే ప్లాస్టిక్ సంచిలో పెట్టి దూలానికి కట్టుకున్నవాళ్ళు ఉన్నారు. ఆ సంచి తడిసిపోతే వాళ్ళు సర్కారు లెక్కలో లేనట్టే. ఇక బాలాపూరు పక్క గుడిసెలలో 2012 తర్వాత మయన్మారు నుంచి ప్రాణాలు అరచేత పెట్టుకుని వచ్చిన రోహింగ్యాలు ఉన్నారు. మేము ఫలానా దేశపు పౌరులం అని చెప్పే కాగితమే వాళ్ళకు లేదు. సర్వీసు రిజిస్టరులో ఒక ఎంట్రీ మరిచిపోయారని మనం నెల్లాళ్ళు నిద్రపోలేదు. మనిషి మొత్తానికే ఎంట్రీ లేకపోతే ఎలా ఉంటుందో ఆలోచించండి.

ఒక తల్లి విషయం చెబుతాను. పేరు అవసరం లేదు. మగ్గం పని చేసుకునే మనిషి. భర్త ఇంట్లోనే పోయాడు. ఖననం అయిపోయింది. రిజిస్టరు చేయించాలని ఆమెకు ఎవరూ చెప్పలేదు. రెండేళ్ళు దాటాక వితంతు పెన్షనుకు పోతే మరణ ధ్రువపత్రం తెమ్మన్నారు. చావును 21 రోజుల్లోగా నమోదు చేయించుకుంటే రుసుము లేదు. నెల దాటితే పై అధికారి అనుమతి, ఏడాది దాటితే మెజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. 2023 సవరణ తర్వాత ఆ అధికారం జిల్లా కలెక్టరు, ఆర్డీవో స్థాయి వాళ్ళకు వచ్చింది. ఇది మనకు నోటికి వచ్చిన పాఠం. ఆమెకు అదొక అడవి. "సాబ్, మా ఆయన చనిపోయినట్టు మొహల్లా అంతటికీ తెలుసు, ఆఫీసుకు మాత్రం ఎందుకు తెలియదు?" అని అడిగింది. "అమ్మా, ఆఫీసుకు కళ్ళు ఉండవు, కాగితం ద్వారానే చూస్తుంది" అన్నాను.

కబరస్తాన్ వాళ్ళ దగ్గర ఖననం చేసినట్టు చీటీ తీసుకున్నాం. ఇద్దరు ఇరుగుపొరుగువారితో అఫిడవిట్లు రాయించాం. ఆధార్‌లో ఒక పేరు, రేషను కార్డులో ఇంకొక పేరు, ఉర్దూలో రాసింది ఇంకొకటి; మూడూ ఒకే మనిషివని చూపించాం. మన సంఘంలో రెవెన్యూలో పనిచేసిన ఒక మిత్రుడు ఫారాలు నింపాడు, నేను రసీదులు దాచి తేదీలు రాసుకుంటూ వచ్చాను. ఏడు నెలలు పట్టింది. ఏ ఆఫీసులోనూ మేము గొడవ పడలేదు, ఎవరి సిఫారసూ పట్టుకుపోలేదు. ఆమెకు రావలసిందే ఆమెకు వచ్చింది. మా జేబులోంచి ఖర్చయింది ఆటో కిరాయి, జిరాక్సుల డబ్బులు. దీన్ని నేను దానం అనను. దానం చేస్తే తీసుకున్నవాడు తల వంచుకుంటాడు. హక్కు ఇప్పిస్తే ఆ మనిషి రసీదు తీసుకుని ఇంటికి పోతాడు.

ఈ దారిలో మనకన్నా ఎంతో ముందు నడిచిన మహానుభావుడు మన హైదరాబాదులోనే ఉండేవారు, ఎస్.ఆర్. శంకరన్‌గారు. తమిళనాడులో పుట్టి, ఆంధ్రప్రదేశ్ క్యాడరులో ఐ.ఏ.ఎస్.గా వచ్చి, 1976 చట్టం కింద వెట్టిచాకిరీ మనుషులను విడిపించడానికి పట్టుబట్టిన అధికారి. దళిత పిల్లల గురుకుల పాఠశాలల వెనుక ఆయన కృషి ఉంది. 1992లో రిటైరయ్యారు. పెళ్ళి చేసుకోలేదు, సాదాసీదా ఇంట్లో ఉన్నారు, తనకు వచ్చే దానిలో చాలా భాగం పేదపిల్లల చదువులకే పెట్టారు. రిటైరయ్యాక పాకీపని మాన్పించడానికి సఫాయి కర్మచారి ఆందోళన్ వాళ్ళకు అండగా నిలబడ్డారు. పద్మభూషణ్ ఇస్తామంటే వద్దన్నారు. 2010 అక్టోబరు 7న కన్నుమూశారు. ఆయన సెక్రటరీ స్థాయి మనిషి, మనం గుమాస్తాలం, మనకేం పోలిక అని మీరనవచ్చు. హోదాలో పోలిక లేదు. కాని సర్వీసులో నేర్చుకున్న విద్యను రిటైరైన రోజే ఆఫీసులో అప్పగించి రానక్కరలేదని ఆయన చూపించారు. చార్జి అప్పగించేటప్పుడు బీరువా తాళాలు ఇచ్చాం, స్టాకు రిజిస్టరు ఇచ్చాం. మనం నేర్చుకున్న పని మాత్రం మన దగ్గరే ఉండిపోయింది.

కాబట్టి ఇప్పుడు చేయగలిగిన పనులు కొన్ని మనవి చేస్తాను. మీ వీధిలో వృద్ధాప్య, వితంతు, వికలాంగ పెన్షనుకు అర్హత ఉండి రానివారెవరో విచారించండి. ఇంటికి సంపాదించి పెట్టే మనిషి 18 నుంచి 59 ఏళ్ళ మధ్య చనిపోతే, దారిద్ర్యరేఖకు దిగువన ఉన్న కుటుంబానికి జాతీయ కుటుంబ ప్రయోజన పథకం కింద 20,000 రూపాయలు ఒకేసారి వస్తాయి. 2012 దాకా ఇది పదివేలే ఉండేది. ఈ పథకం ఒకటి ఉందని తెలియనివారే ఎక్కువ. ఆటో నడిపే కుర్రవాళ్ళు, మగ్గం పని చేసే ఆడపిల్లలు 18 నుంచి 40 ఏళ్ళ లోపువారైతే, ఆదాయపు పన్ను కట్టేవారు కాకపోతే, 2015లో వచ్చిన అటల్ పెన్షను యోజనలో బ్యాంకు ద్వారా చేర్పించండి. ఇప్పుడు కొద్దికొద్దిగా కడితే అరవై దాటాక నెలకు వెయ్యి నుంచి ఐదువేల దాకా వస్తుంది. మనం ముసలివాళ్ళకు మాత్రమే సాయపడితే సరిపోదు, ముందు ముందు ముసలివాళ్ళు కాబోయేవారికి కూడా చెప్పాలి.

దరఖాస్తు పెట్టి ఏమైందో తెలియనివారికి 2005 సమాచార హక్కు చట్టం ఉంది. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి రుసుము లేదు, 30 రోజుల్లో జవాబు రావాలి. కోర్టు పని పడితే ఆడవారికి, ఎస్.సి., ఎస్.టి. వారికి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసహాయం ఉంది. పిల్లలు చూడక బాధపడే వృద్ధులకు 2007 చట్టం, ఆర్డీవో దగ్గర ట్రిబ్యునలు, ఫోను చేయడానికి 14567 నంబరు ఉన్నాయి. వేలిముద్రలు అరిగిపోయి మిషను తీసుకోని ముసలివాళ్ళను ఒక్కొక్కసారి తిప్పి పంపుతారు. ఇటుకలు మోసిన చేతులకు, అగరుబత్తీలు చుట్టిన చేతులకు గీతలు ఎక్కడ మిగులుతాయి? అలాంటివారి పక్కన ఒక మనిషి నిలబడి "వేరే పద్ధతి ఏముందో చెప్పండి సార్" అని మర్యాదగా అడిగితే చాలు, పని సగం అవుతుంది.

2023 డిసెంబరు 28 నుంచి 2024 జనవరి 6 దాకా ప్రజాపాలన దరఖాస్తులు తీసుకున్నప్పుడు చూశారు గదా. ఫారం నింపి పెట్టేవాడి కోసం జనం ఎలా ఎగబడ్డారో! చెట్టు కింద ఒక బల్ల, రెండు కుర్చీలు, నాలుగు పెన్నులు ఉంటే ఒక పూటలో ఎంతమందికి మేలు జరుగుతుందో అప్పుడు నాకు బోధపడింది. అలాంటి బల్ల పదిరోజులకే ఎందుకు ఎత్తెయ్యాలి?

కొన్ని జాగ్రత్తలు మాత్రం కచ్చితంగా పాటించాలి. ఒక్క పైసా తీసుకోరాదు; చాయ్ కూడా మనమే తాగించాలి. పైసా ముట్టిన రోజున మనకూ దళారికీ తేడా ఉండదు. ఒరిజినల్ కాగితాలు మన దగ్గర ఉంచుకోరాదు. నకలు తీసి, వాళ్ళవి వాళ్ళకే ఇచ్చెయ్యాలి. ఫోనులో వచ్చే ఓటీపీ మనం అడగరాదు, ఇంకెవరికీ చెప్పవద్దని వాళ్ళకు నేర్పాలి. దరఖాస్తు ఇచ్చాక రసీదు నంబరు లేకుండా కౌంటరు వదలరాదు. "తప్పకుండా వస్తుంది" అనే మాట ఇవ్వరాదు, "ప్రయత్నం చేద్దాం" అనాలి.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. "సాబ్, నాలుగేళ్ళు ఎక్కువ వేసి రాయండి, పుణ్యం ఉంటుంది" అని కళ్ళనీళ్ళు పెట్టుకుని అడిగేవాళ్ళు వస్తారు. మనసు కరుగుతుంది. కాని రాయరాదు. అబద్ధపు వయసుతో ఒకరికి ఇప్పిస్తే, రేపు తనిఖీలో అది పోతుంది, ఆమెతోపాటు నిజమైన పదిమందిని కూడా అనుమానంగా చూస్తారు. రాయలేనని చెప్పి అంతటితో ఊరుకోకుండా, ఆమెకు న్యాయంగా ఇంకేమి వస్తుందో వెతకాలి. పెన్షను వయసు రాకపోతే రేషను కార్డు సంగతి చూడాలి, పిల్లల స్కాలర్‌షిప్పు చూడాలి. ఏదీ లేకపోతే అప్పుడు మన జేబులో చెయ్యి పెట్టాలి.

"మాకే ఆరోగ్యం బాగాలేదు, ఇప్పుడు ఈ తిరుగుళ్ళు ఎందుకు" అని కొందరు మిత్రులు అంటారు. నిజమే. నాకూ షుగరు ఉంది, మెట్లు ఎక్కలేను. మెట్లు ఎక్కగలిగినవాడు ఆఫీసుకు పోతాడు, ఎక్కలేనివాడు ఇంట్లో కూర్చుని ఫారం నింపుతాడు. కళ్ళు కనపడనివాడికి రూల్సు నోటికి వచ్చి ఉంటాయి, అవి చెబుతాడు. కంప్యూటరు మనకు రాదు, మనుమడికి వస్తుంది. తాతా మనుమడూ కలిసి చేసే పని ఇంట్లో ఒకటి ఉంటే అంతకన్నా కావలసిందేముంది? కుటుంబ పెన్షను తీసుకుంటున్న అక్కయ్యలకు నాదొక ప్రత్యేక విన్నపం. భర్త పోయిన కొత్తలో కాగితాల చుట్టూ తిరగడం ఎంత కష్టమో మీకు తెలిసినంత మాకు తెలియదు. పక్క ఇంట్లో ఒక ఆడమనిషికి ఆ కష్టం వచ్చినప్పుడు, మగవాడికి చెప్పుకోలేనిది మీకు చెప్పుకుంటుంది.

నెలకు ఒక్క అర్జీ. అంతకన్నా నేను అడగను. మన సంఘంలో ముప్పైమంది పూనుకుంటే ఏడాదికి మూడువందల అరవై అర్జీలు. అందులో సగమే ఫలించినా నూట ఎనభై ఇళ్ళల్లో పొయ్యి మీద గిన్నె పెరుగుతుంది. మనకూ లాభం లేకపోలేదు. మన డీఏ ఎప్పుడు వస్తుందా అని రోజంతా పేపరు తిరగేసే మనిషికి, ఫలానా అమ్మ పని ఏమైందో కనుక్కోవాలి అనే ధ్యాస పడితే ఆ రోజుకు బీపీ కూడా తగ్గుతుంది. ఇది డాక్టరు చెప్పింది కాదు, నా సొంత అనుభవం.

సంఘం ఆఫీసులో వారానికి ఒక పూట ఒక బల్ల, ఒక రిజిస్టరు ఈ పనికి కేటాయించాలని ప్రతిపాదిస్తున్నాను. రిజిస్టరులో వరుస నంబరు, తేదీ, ఎవరి అర్జీ, ఏ ఆఫీసుకు, రసీదు నంబరు, ఏమైంది అనే ఆరు గళ్ళు చాలు. గళ్ళు గీసే పని నేను చేస్తాను, అది నాకు బాగా వచ్చిన పని. సభవారు దయచేసి ఆమోదించవలసిందిగా, ఉత్తర్వుల కొరకు సమర్పిస్తున్నాను.